గుప్పిట్లో గంట

ఆ మెకానిక్ పేరు నాకు తెలీదు. తిరుపతిలో అందరూ భాయ్ అనేవాళ్లు, మేమూ అట్లే పిలిచినాం. ఏ బండి వచ్చినా ఆయన ముందు అనే మాట ఒకటే: "ష్... దాన్ని మాట్లాడనీ అప్పా."

పాకాల నుంచి వస్తా ఉంటే మా పాత కారు ఎత్తు ఎక్కలేక ఆగి ఆగి వచ్చింది. ఇంజన్ పోయింది, పాత సామాన్లకు అమ్మేయండన్నారు చూసినోళ్లు. అయినా నాయన దాన్ని భాయ్ దగ్గరికి తెచ్చినాడు.

భాయ్ కార్లో కూర్చుని, అద్దానికి నాయన కట్టిన పూజ గంట మోగకుండా గుప్పిట్లో పట్టుకున్నాడు. స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పినాడు. వెనక సీటు కింద పెట్రోల్ పంపు సన్నగా మూలిగింది.

"పంపు బాగుండాది."

పెట్రోల్ గొట్టానికి ప్రెజర్ మీటర్ తగిలిస్తే ముల్లు సగానికి కూడా లేవలేదు. పెట్రోల్ వడకట్టే ఫిల్టర్ విప్పి వంచితే నల్లటి మడ్డి కారింది. కొత్తది బిగించి, మళ్లీ గంట పట్టుకుని తాళం తిప్పినాడు. మీటర్ దగ్గర నాయన నిలబడి ఉన్నాడు.

"ముల్లు లేచింది భాయ్!" అని అరిచినాడు.

"ఇంజన్‌ది తప్పేం లేదు పెద్దాయనా. పెట్రోల్ అందక గొంతెండింది, అంతే."

అని, గుప్పిలి విప్పి గంటను తనే వేలితో గణగణా మోగించినాడు. అందరినీ ష్ అనే మనిషి!