ర్యాంకర్ల తెరచాప

దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త ఫ్లెక్సీ కడుతుంటే, ఆ ప్లాస్టిక్ వాసనకి ఇప్పటికీ నా తల వంగిపోతుంది.

నేను లెక్కల్లో తప్పిన ఏడాది, నాన్న తుక్కు దుకాణం నుంచి పాత తెరచాప పడవ తెచ్చి, ఇంటి ముందే చిల్లులు పూడ్చాడు. తెరచాప మాత్రం కోచింగ్ సెంటర్ పారేసిన ఫ్లెక్సీతో కుట్టాడు. దాని నిండా ర్యాంకర్ల ముఖాలే. నన్ను దెప్పడానికే అనుకున్నాను. ఊరికే దొరికిందనీ, నీళ్ళకు నానదనీ తెచ్చాడని ఎప్పటికో అర్థమైంది.

సరూర్‌నగర్ చెరువులో గాలికి ఆ ముఖాలన్నీ ఉబ్బాయి. ఒడ్డున మా క్లాసు పిల్లలు పడీపడీ నవ్వారు. నేను పడవ అడుగున ముడుచుకున్నాను.

"భయమైతుందా బిడ్డా?" అన్నాడు నాన్న.

సిగ్గని చెప్పలేక తలూపాను.

"ఏం కాదు తీ, ఒడ్డుకు పోదాం" అని పడవ తిప్పేశాడు.

దాన్ని మళ్ళీ నీళ్ళలోకి దింపలేదు. ఎవరైనా అడిగితే, "మా బిడ్డకు నీళ్ళంటే భయం" అని ఇవాళ్టికీ చెప్తాడు.