బావ మెచ్చుకున్నాడు, కానీ సగమే

నా గొంతులో శ్రుతి లేదని మా అక్క మొగుడు నన్ను ఇన్నేళ్ళుగా భజనలో నోరెత్తనివ్వడు. ఆయన బొబ్బిలిలో వీణలు చేస్తాడు కాబట్టి ఆయన చెవికి తిరుగులేదంట.

ఈ మధ్య నాకు సరిగా నిద్ర పట్టడం లేదంటే యోగా మాస్టారు భ్రామరి నేర్పారు. చెవులు, నోరు మూసుకుని తుమ్మెదలాగ మ్‌మ్ అనాలి. రోజూ అయిదుసార్లు చాలు, మించొద్దన్నారు.

ఈ రోజు పొద్దున్న బావ ఇంటి అరుగు మీద కూకుని అదే చేశాను. లోపల ఆయన వీణకి తీగ బిగిస్తన్నాడు. అయిదూ అయ్యాక కళ్ళు తెరిస్తే ఎదురుగా ఉన్నాడు.

"ఒరే, నీ గొంతేనేటి? నా తీగతో కలిసిపోనాదిరా!"

ఇంక ఆగుతానా? ఆయన్ని కూకోబెట్టి మళ్ళీ మొదలెట్టాను. ఆపలేదు. గొంతు జీరపోయింది, తల తిరిగింది. వంటింట్లోంచి అక్క పరిగెత్తుకొచ్చింది.

"ఏటయ్యా, మన గేదె గానీ ఈనతందేటి?"

బావ పడీపడీ నవ్వాడు. "లేదే, నీ తమ్ముడే. మొదటి అయిదూ మనిషివి, తర్వాతవే గేదెవి."

నిజమే, ఒప్పుకున్నాను. రేపట్నుంచి మాస్టారు చెప్పినన్నే చేస్తాను. కానీ మొదటివి మనిషివని ఆయన నోటితోనే అన్నాడు కదా! సోమవారం భజన ఉంది. నేను పాడొచ్చో లేదో బావ ఆదివారం సాయంత్రంలోగా ఇక్కడే, ఈ పోస్టు కిందే, అందరి ముందూ చెప్పాలి. చదివినోళ్ళు మీరూ చెప్పండి, ఆ అయిదూ లెక్కలోకొస్తాయా రావా?