అగ్గిపుల్లంత సందు

మల్కాపురంలో రమణమూర్తికి చెయ్యి అందించడానికి ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. అందిస్తే వదిలేవాడు కాదు. ఎదుటివాడి మొహం మారేదాకా నవ్వుతూ నొక్కేవాడు. "ఏటి బావా, టిపినీ తిన్లేదేటి?" అని అడిగేవాడు. పెళ్ళిలో పలకరింపు కూడా అంతే. ఒకసారి మేనమామ కొడుకు ఉంగరం వంగి వేలిలోకి దిగిపోతే కంసాలి దాన్ని కత్తిరించి తీయాల్సి వచ్చింది. ఆ సంగతి రమణమూర్తి ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వాడు.

పోర్టులో అతనిది లాషింగ్ పని. ఓడ మీద పేర్చిన కంటైనర్లు సముద్రంలో కదలకుండా వాటిని ఇనుప కడ్డీలతో బిగించాలి. ఆ పనిలో కుదురుకున్న కొత్తలో ఒక విదేశీ నావికుడు జేబులోంచి చేతి గ్రిప్పర్ తీసి అతనికిచ్చాడు. రెండు ఉక్కు పిడులు, మధ్యలో చిటికెన వేలంత లావు స్ప్రింగు. పిడులు రెండూ తాకేలా గుప్పిట బిగించాలి. రమణమూర్తి మొహం ఎర్రబడిపోయేదాకా నొక్కినా అవి తాకలేదు. డెక్కు మీదున్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు అతను మర్చిపోలేదు. తర్వాత అలాంటివే ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు తెప్పించుకున్నాడు. నంబరు పెరిగేకొద్దీ స్ప్రింగు గట్టిది. మేడ మీద రేకుల షెడ్డు వేసి రోజూ సాధన చేశాడు. ఒకటి మూశాడు. రెండూ మూశాడు. ఆదివారం పూట జనం చూడ్డానికి వచ్చేవారు. 'గ్రిప్పు మూర్తి' అన్న పేరు అప్పుడే వచ్చింది. అది తప్ప అతని గురించి పదిమందీ చెప్పుకునేది ఇంకొకటి లేదు.

మూడో నంబరు మాత్రం మూసుకోలేదు. ప్రాణం పెట్టి నొక్కినా పిడుల మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలిపోయేది. ఏళ్ళు గడిచినా ఆ సందు తరగలేదు.

సాయిశంకర్ ఎవరో ఫోనులో తీసి పెట్టిన అతని వీడియో చూసి వచ్చాడు. పాలకొండ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది. తండ్రి లేడు. కుర్రాడు ఇక్కడ ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టర్. మొదటిరోజు రమణమూర్తి అలవాటు ప్రకారం చెయ్యి పట్టుకుని నొక్కాడు. అవతలి మొహంలో మార్పు లేదు.

"నొప్పెట్టలేదేటిరా?"

"పెట్టింది అన్నా."

"మరి అరవలేదేటి?"

"మీరు ఎంతసేపు నొక్కుతారో సూద్దారని."

రమణమూర్తికి వాడు నచ్చాడు. మనసు పెట్టి నేర్పాడు. పిడిని అరచేతిలో ఎక్కడ పెట్టాలో, చిటికెన వేలిని ఎలా వాడాలో, ఏ రోజు నొక్కాలో, ఏ రోజు చేతికి సెలవివ్వాలో అన్నీ చెప్పాడు. సాధన అయ్యాక కిందకి తీసుకొచ్చి గుడ్లు పెట్టించేవాడు. భార్య సత్యశ్రీ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆమెకి పిల్లలు లేరు. శంకర్ "వదినా" అంటూ వంటగదిలోకి వచ్చి ప్లేటు తనే కడుక్కుంటుంటే ఆమెకి ముచ్చటగా ఉండేది. మొగుడు అంత కులాసాగా ఉండడం ఆమె అంతకుముందు చూడలేదు.

ఏడాది తిరగకుండానే శంకర్ రెండో నంబరు మూశాడు. రమణమూర్తి వీధిలో అందరికీ మిఠాయి పంచాడు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం సత్యశ్రీ ఆరేసిన బట్టలు తియ్యడానికి మేడెక్కింది. షెడ్డు తలుపు తెరిచే ఉంది. శంకర్ చేతిలో మూడో నంబరు ఉంది. బలమంతా పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుని మొహం గోడవైపు తిప్పుకోవడం వాడికి అలవాటు. సరిగ్గా అప్పుడే నేవీ హెలికాప్టర్ ఒకటి ఇళ్ళ మీదుగా తక్కువ ఎత్తులో వెళ్ళింది. రేకులు అదిరాయి. ఆ మోతలో పిడులు రెండూ తాకాయి. తాకి, ఊపిరి తీసుకునేంతసేపు అలాగే ఉన్నాయి. రమణమూర్తి చూశాడు. భుజం మీద తడి చీరతో తలుపు దగ్గర నిలబడిన సత్యశ్రీ కూడా చూసింది.

శంకర్ వదిలేసి రొప్పుతూ ఇటు తిరిగాడు. అంత బలం పెట్టాక వేళ్ళు మొద్దుబారతాయి. మూసిందీ లేనిదీ చేతికి తెలీదు.

"అన్నా, మూసుకుందా?"

రమణమూర్తి వాడి చేతికేసి చూశాడు. ఎండకి నల్లబడ్డ మామూలు చెయ్యి. తన చేతికన్నా చిన్నది.

"నేదురా. సందుంది."

"ఎంత?"

"అగ్గిపుల్లంత."

వాడి మొహం వెలిగింది. "అయితే మీ దాకా వచ్చీసినట్టే అన్నా," అని నవ్వాడు.

వాడు వెళ్ళాక సత్యశ్రీ కంచం పెడుతూ అంది. "నాను సూసేను. మూసుకుంది."

"నువ్వేటి సూసేవు? బట్టలు తియ్యడానికొచ్చేవు, బట్టలు తీసుకుని పోవాల."

"ఆ గుంటడు నిన్ను దేవుడనుకుంటన్నాడు."

"అనుకోనీ. కూరెయ్యి."

ఆమె కూర వేసింది.  స్ప్రింగు మూసుకుంటే ఎంత, మూసుకోకపోతే ఎంత, మగాళ్ళ ఆట, ఒక చిన్న అబద్ధం, పోనీలే అనుకుంది.

రమణమూర్తి ఆ అబద్ధంతో ఆగలేదు. కంచరపాలెంలో ఒక వ్యాయామశాల వాళ్ళు పట్టు పోటీలు పెడుతున్నారని కబురు వచ్చింది. తను మూడో నంబరు మూయలేడు. శంకర్ మూయగలడు. ఆ సంగతి అందరి ముందూ తేలిపోతుంది. అప్పుడు గ్రిప్పు మూర్తి ఎవరు?

చెయ్యి ఎలా పాడవుతుందో అతనికి బాగా తెలుసు. ఒకప్పుడు అతని ఉంగరం వేలి మొదట్లో నొప్పి మొదలైతే వెంటనే ఆపేసి, తగ్గేదాకా స్ప్రింగు ముట్టుకోలేదు. దానికి సరిగ్గా తలకిందులుగా శంకర్‌కి నేర్పడం మొదలుపెట్టాడు. సెలవు రోజులు తీసేశాడు. మూడో నంబరుని రెండు చేతులతో మూసి, ఒక్క చేతిలోకి తీసుకుని, అది తెరుచుకోకుండా వేళ్ళతోనే ఆపమన్నాడు. బలం కోసం ఎప్పుడో ఒకసారి చేసే ఆ కసరత్తుని రోజూ చేయించాడు. ఫాబ్రికేషన్ షెడ్డులో పగలంతా స్పానర్లు తిప్పి అలిసొచ్చిన చేతితో చేయించాడు.

కొన్నాళ్ళకి పొద్దున్న లేచేసరికి శంకర్ వేళ్ళు తెరుచుకునేవి కావు. వేడినీళ్ళలో పెట్టి, ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పుకునేవాడు.

"నొప్పెక్కువగుంది అన్నా."

"అదే రావాల. నాకూ అలగే వచ్చింది. అది దాటితే సందు పోద్ది."

సత్యశ్రీ ఉండబట్టలేక అడిగింది. "ఆ సెయ్యి వాసిపోయింది. కొన్నాళ్ళు ఆపించరాదా?"

"అంత జాలైతే కుట్టుమిషను కాడ కూసోబెట్టుకో. కాజాలు కుడతాడు."

శంకర్ కూడా అక్కడే ఉన్నాడు. అన్న తమాషా చేస్తున్నాడనుకుని నవ్వాడు.

ఒక సాయంత్రం స్ప్రింగు తెరుచుకుంటుండగా వాడి అరచేతిలో కర్ర విరిగినట్టు చప్పుడైంది. గ్రిప్పర్ కింద పడింది. శంకర్ మోకాళ్ళ మీద కూలబడి చేతిని పొట్టకి అదుముకున్నాడు. రమణమూర్తి ఒక అడుగు ముందుకి వేశాడు. మరుక్షణం భుజాల మీంచి బరువేదో దించినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు అతనికి సిగ్గు కూడా వెయ్యలేదు.

"ఆసుపత్రికెల్తే కోసేత్తారు," అన్నాడు. "నూని రాసి కాపడం ఎట్టు. తగ్గిపోద్ది."

వాపు కాస్త దిగింది. పోటీ దగ్గరపడింది. శంకర్ ఉంగరం వేలు వంగడం లేదు.

"బయపడతన్నావేటి?" అన్నాడు రమణమూర్తి. "బయపడితే సెప్పు. ఊరెల్లి బర్రెలు కాసుకో."

శంకర్ మళ్ళీ గ్రిప్పర్ పట్టుకున్నాడు. ఈసారి నడిమి వేలు పోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి తిప్పి తిప్పి చూసింది. వేళ్ళని లాగే నరాల్ని ఎముకకి పట్టి ఉంచే పట్టీలు తెగిపోయాయంది. మొదటిసారే వచ్చి ఉంటే బాగుచెయ్యడం తేలికయ్యేదనీ, ఇప్పుడు ఆపరేషన్ చేసినా గుప్పిట పూర్తిగా బిగుస్తుందని చెప్పలేననీ అంది.

"తెగిన వేలితో మళ్ళీ నొక్కమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ సెప్పలేదు మేడం. నానే," అన్నాడు శంకర్. రమణమూర్తి పక్కనే ఉన్నాడు.

పోటీలో రమణమూర్తి గెలిచాడు. మూడో నంబరు ఎవరూ మూయలేదు. రెండో నంబరు అందరికన్నా ఎక్కువసేపు మూసి ఉంచింది అతనే. కట్టు కట్టిన చేతితో అతని సంచీ మోసిందీ, ఎడమచేతి వేళ్ళు నోట్లో పెట్టుకుని అందరికన్నా గట్టిగా ఈల వేసిందీ శంకర్. దండ వేసిందీ వాడే.

ఆపరేషన్ అయ్యాక కూడా ఆ రెండు వేళ్ళూ సగమే వంగాయి. ఫాబ్రికేషన్ షెడ్డులో పనికి వెళితే సుత్తి చేతిలోంచి జారి కింద వెల్డింగ్ చేస్తున్నవాడి తల పక్కన పడింది. మేస్త్రీ ఆ రోజే పనిలోంచి తీసేశాడు.

సంగతి తెలిసి ఊరినుంచి తల్లి అసిరమ్మ వచ్చింది. సంచిలో కొత్త బియ్యం, ఒక గుమ్మడికాయ తెచ్చి సత్యశ్రీకిచ్చింది. రమణమూర్తి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నా కొడుక్కి ఈ ఊర్లో తండ్రి నేని లోటు నువ్వే తీర్సేవు బాబూ. ఆసుపత్రికి తిప్పేవంట. నీ రునం ఎలగ తీర్సుకోగలం?"

"దిగులెట్టుకోకమ్మా," అన్నాడు రమణమూర్తి. "కంటైనర్ యార్డు గేటు కాడ పనుంది. నాను సెప్పి ఏయిత్తాను."

సత్యశ్రీ గుమ్మడికాయ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. అసిరమ్మ ఉన్న రెండు రోజులూ ఆమె ముందు తలెత్తలేకపోయింది. వెళ్ళేరోజు బస్‌స్టాండుకి తనూ వెళ్ళింది. పాలకొండ బస్సు కదిలాక శంకర్, తనూ మిగిలారు.

"శంకర్, ఆ రోజు మూసుకుంది."

"ఏటి వదినా?"

"మూడో నంబరు. ఎలికాప్టర్ ఎల్లిందే, ఆ రోజు. నువ్వు మూసేవు. మీ అన్న సూసేడు. నానూ సూసేను."

శంకర్ తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"అప్పుడెందుకు సెప్పలేదు?"

సత్యశ్రీ బస్సు వెళ్ళిన వైపు చూసింది.

"పోనీ, ఇప్పుడెందుకు సెప్పేరు? మూయలేకపోనాననుకుని ఉండీవోడిని. ఆ మాట అలవాటైపోయింది నాకు."

 వాడు ఆమెని ఆటో ఎక్కించి, తను నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్ళేవాళ్ళంతా టీకొట్టు దగ్గర ఉండగా వాడు రమణమూర్తి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ రోజు మూసుకుందా అన్నా?"

అందరూ ఇటు తిరిగారు. రమణమూర్తి చేతిలోని గ్లాసు ఆగింది. బుకాయిస్తాడనే శంకర్ అనుకున్నాడు. బుకాయిస్తే నమ్మడానికి కూడా సిద్ధంగా ఉన్నాడు.

"మూసుకుంది," అన్నాడు రమణమూర్తి. మిగిలిన టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. సంచిలోంచి మూడో నంబరు తీసి దాని పక్కన పెట్టాడు. "అయితే ఏటిప్పుడు? మల్లీ మూసి సూపించు. ఇంతమంది ఉన్నారు. అందరూ సూత్తారు."

శంకర్ వెనక్కి వెళ్ళిపోయి ఉండాల్సింది. కానీ తీసుకున్నాడు. పిడి మీద వేళ్ళు చుట్టబోతే రెండు వంగి, రెండు సగంలోనే ఆగి బయటికి ఉండిపోయాయి. ఈసారి కళ్ళు మూసుకోలేదు. చేతినే చూస్తూ నొక్కాడు. స్ప్రింగు కదల్లేదు. చెమటకి జారి గ్రిప్పర్ బురదలో పడింది. జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఒకడు నవ్వాక మిగతావాళ్ళకి ఆపుకోవడం కష్టమైంది.

రమణమూర్తి వంగి దాన్ని తీసుకున్నాడు. తువ్వాలుతో తుడిచి సంచిలో వేసుకుని డ్యూటీ బస్సెక్కాడు.

సత్యశ్రీ ఆ మధ్యాహ్నం చెల్లెలింటికి కంచరపాలెం వెళ్ళింది. వారం తర్వాత తిరిగొచ్చింది. ఎందుకెళ్ళావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు మేడ మీద బట్టలు ఆరెయ్యదు. మొగుడితో అవసరమైన నాలుగు మాటలే మాట్లాడుతుంది. రమణమూర్తికి ఆ తేడా పట్టినట్టు కనపడదు. మేడ మీది షెడ్డుకి కొత్తవాళ్ళు ఇద్దరు వస్తున్నారు. ఇద్దరివీ మెత్తటి చేతులు.

శంకర్ యార్డు గేటు దగ్గర పనిలో చేరాడు. ఇంకెక్కడా దొరకలేదు. ఊరెళ్ళిపోదామంటే తల్లి చేసేదా వ్యవసాయం, అదీ కౌలుకి. లారీల నంబర్లు ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. గేటుకి అడ్డంగా ఉన్న కమ్మీ కూడా ఎడమచేత్తోనే ఎత్తుతాడు. లాషింగ్ వాళ్ళ బస్సు రోజూ ఆ గేటులోంచే లోపలికి పోవాలి. రమణమూర్తి ముందు సీట్లో కూర్చుంటాడు.

"బాగున్నావేటిరా?" అని కిటికీలోంచి అడుగుతాడు.

"బాగున్నాను సార్."

"సారేటి? అన్నా అనలేవా?"

"ఎనకాల లారీలు ఆగిపోనాయి సార్," అని శంకర్ కమ్మీ ఎత్తుతాడు. "ఎల్లండి."