సోలారు పలకల మీద నెత్తళ్ళు

మా తోడికోడలు రత్తాలక్క ఇవాళ మళ్ళీ వేటపాలెం జీడిపప్పు పనికి బయల్దేరింది. బాపట్ల స్టేషన్లో బల్ల మీద కూర్చుని వేళ్ళకి ఆముదం పట్టిస్తుంటే చూడలేక మొహం తిప్పుకున్నాను. జీడిపిక్కల నూనె చేతుల తోలు ఎలా తినేస్తుందో పడ్డవాళ్ళకే తెలుసు. ఆ పనికి చచ్చినా పోనని, మా పేట బడిలో చేపల తొట్టె కట్టిన రోజున ఒట్టు పెట్టుకుంది పిచ్చిది.

అక్కది మొదట్నించీ చేపల బతుకే. సింగరయ్య బావగారు వేటకెళ్ళేవారు. అక్క గంప నెత్తిన పెట్టుకుని పొన్నూరు వీధులన్నీ తిరిగి అమ్మేది. ఐసు పెట్టెల ఆటోలొచ్చి గంప బేరాన్ని ఊడ్చుకుపోయాయి. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఆ ఏడే బావగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. అప్పుడే జీడిపప్పు పనిలో చేరింది.

ఆ తర్వాత వచ్చింది ఈ తొట్టె. అందులో జిలేబి చేపలు. ఆ నీళ్ళని మోటారు పైకి తోడితే, గులకరాళ్ళలో నాటిన తోటకూర, గోంగూర అందులోని మురుగు తిని పెరుగుతాయి. శుభ్రపడ్డ నీళ్ళు ధారగా తొట్టెలో పడి చేపలకి ఊపిరిస్తాయి. మోటారు నడిచేది బడి డాబా మీది సోలారు పలకలతో, ఎండ లేనప్పుడు బ్యాటరీతో. పిల్లలకి పాఠం, పేట ఆడవాళ్ళకి జీవనం అన్నారు కట్టించిన ఆఫీసర్లు. తొట్టె బాధ్యత అక్కకిచ్చారు. నేను అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను కాబట్టి రోజూ చూసేదాన్ని. "పెద్దమ్మా, మట్టి లేకుండా ఎట్టా పెరుగుద్ది?" అని పిల్లలు చుట్టూ చేరితే అక్క మురిసిపోయేది. చేతులు నాకు చూపించి, "చూడవే దుర్గా, పెళ్ళికూతురి చేతులు!" అని నవ్వేది.

మొదటి చేపలు పట్టాల్సిన వారం అది. ఆ పంట చూశాకే తొట్టె ఉంచాలో తీసేయాలో చెప్తామన్నారు పైవాళ్ళు. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. ఆ బ్యాటరీ పెట్టినప్పుడే పాతది. ముసురు రోజులన్నీ ఎలాగో నెట్టుకొచ్చి, ఆదివారం తెల్లారేసరికి అది పూర్తిగా ఖాళీ అయింది.

ఆదివారం పొద్దున ఫెళ్ళున ఎండ కాసింది. అప్పటికి పేట నిండా వలల్లోంచి దులిపిన వేలెడంత నెత్తళ్ళు కుళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. ఎండ కనిపిస్తే మావాళ్ళకి కాలు నిలవదు. ఆరిన చోటు ఎక్కడుంటే అక్కడ చేప పరిచేస్తారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. ఇసుకంతా తడి, డాబా గచ్చంతా నీళ్ళు. సోలారు పలకలు మాత్రం నున్నగా, ఏటవాలుగా, వెచ్చగా ఉన్నాయి. ఇరుగుపొరుగు గంపలు కూడా పైకెక్కించి, అక్క పలకల నిండా నెత్తళ్ళు పరిచేసింది.

మోటారుకేమన్నా అవుద్దేమోనని ఎవరో అంటే, "దానిక్కావాల్సింది ఎండేగా! చేప మీద పడితే ఏంటి, పలక మీద పడితే ఏంటి? పలక కాలతానే ఉంటది" అందట.

ఆదివారం బడిలో ఎవరుంటారు? మోటారు ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. అక్క పైనే కర్ర పట్టుకుని సాయంత్రం దాకా కాకుల్ని తోలుతూ కూర్చుంది. గంపలకెత్తుకుని కిందికి దిగేసరికి తొట్టె నిండా తెల్లటి పొట్టలు తేలి ఉన్నాయి.

అక్క కేక విని నేను పరిగెత్తాను. అక్క తొట్టెలోకి దిగి ఒక్కో చేపనీ రెండు చేతులా పట్టుకుని నీళ్ళలో ఆడిస్తోంది. అయ్యో, ఒక్కటీ కదల్లేదు.

తెనాలి నుంచి సోలారు పని చూసే సన్నీ వచ్చాడు. "పలకల మీద నీడ పడకూడదని చెప్పాను కదమ్మా, ఏంటండి ఇది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"బ్యాటరీ మార్చమని మేం మొత్తుకున్నప్పుడు ఎక్కడున్నావయ్యా?"

"పైకి చెప్పానండి" అన్నాడు తల దించుకుని.

ఎవడికి చెప్తే ఏం లాభం? పైవాళ్ళు తొట్టె ఖాళీ చేయించి మూసేశారు. తోటకూర వాడిపోయింది. నెత్తళ్ళు మాత్రం గలగలలాడుతూ ఎండాయి. పేట ఆడవాళ్ళు ఎవరి గంప వాళ్ళు చంకనెత్తుకుని, "మా నోట మట్టి కొట్టావు కదే" అని అక్కని తిట్టి మరీ పోయారు. అక్క వాటా మూట చూరుకి వేలాడుతూనే ఉంది. వండదు, అమ్మదు.

రైలొచ్చింది. అక్క లేచి, ఆముదం చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"పైనే ఉన్నానే దుర్గా. ఒక్క కాకిని కూడా వాలనివ్వలేదే" అంది.