డాక్టరమ్మ తొట్టిలో నేను మార్చిన మట్టి

మొన్న ఆదివారం నిజామాబాద్‌లో మా మనవరాలు తన చిన్న చేపల తొట్టిలో మట్టి మార్చబోతూ, కొనుక్కొచ్చిన మట్టి సంచీ మీది అక్షరాలు పైకి చదువుతూ, మధ్యమధ్య ఫోనులో వీడియో చూస్తూ నానా అవస్థ పడింది. చేపలను తీసి పాత నీళ్లలోనే ఉంచమని, మొక్కల వేళ్లు ఆరనీయవద్దని పక్కన కూర్చున్న నేను చెబితే, "అవ్వా, నీకెట్ల ఎరుక?" అని కళ్లు పెద్దవి చేసింది. ఎట్లా ఎరుకో మీకూ చెబుతాను. బడాయి అనుకునేవాళ్లు అనుకోండి, నా ఈడు వాళ్లు మాత్రం నమ్ముతారు.

కోటగిరి పక్కన కాలువ కింది పొలాల్లో నాట్లు వేసి పెరిగినదాన్ని నేను. పెళ్లయ్యాక బోధన్‌లో ఏళ్ల తరబడి బీడీలు చుట్టాను. నలభై దాటాక నడుము సహకరించక, ఒక డాక్టరమ్మ దవాఖానాలో ఆయాగా కుదిరాను. పెద్దవాళ్ల బడిలో పలక పట్టి అక్షరాలు దిద్దింది కూడా ఆ రోజుల్లోనే.

దవాఖానా హాలులో బెంచీల పక్కన ఒక చిన్న తొట్టి ఉండేది, నిండా పచ్చని మొక్కలు, వాటి మధ్య గప్పీ చేపలు. సూదికి భయపడి ఏడ్చే పిల్లలు దాని ముందు నిలబడగానే ఏడుపు మరిచేవాళ్లు. ఒక ఎండాకాలం అడుగు మట్టి కుళ్లిపోయింది. వేలు గుచ్చితే బుడగలు లేచి మురుగు కంపు కొట్టేది, ఆకులు పసుపు పడ్డాయి. ఇక తొట్టి తీసేద్దామని డాక్టరమ్మ అన్నది. నాకు మనసొప్పక, మట్టి నేను మారుస్తానని మాట ఇచ్చాను. ఎకరాలు నాటిన చేతికి మూడు జానల తొట్టి ఒక లెక్కా అనుకున్నాను.

ఆ మిడిసిపాటే కొంప ముంచింది. మా మరిది లారీలో చక్కెర ఫ్యాక్టరీ మడ్డి, అంటే చెరుకు రసం వడగట్టగా మిగిలే నల్లటి మష్టు, పొలాలకు తోలేవాడు. "వదినా, గిది ఏస్తే ఎండిన కట్టె గూడ సిగురు పెడ్తది" అని అర సంచీ దింపిపోయాడు. నేను కుళ్లిన మట్టి తీసేసి, దాన్ని కొత్త మట్టిలో కలిపి, పైన ఇసుక పరిచి, మొక్కలు నాటి, చేపలు వదిలి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే నీళ్లు చాయ్ రంగు తిరిగి పులిసిన బెల్లం వాసన కొడుతున్నాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి.

కాంపౌండరు చూసి, "ఏంది ఆయమ్మా, చేపల పులుసు పెడ్తున్నవా?" అన్నాడు.

"నీ నోట్లె మన్ను, ముందుగాల బకెట్ పట్టు" అన్నాను.

డాక్టరమ్మ వచ్చేసరికి చేపలు మట్టి రంజన్ కుండలో ఉన్నాయి. మొదటి రోజు తీసి పక్కన పెట్టిన పాత నీళ్లు పారబోయకపోవడమే వాటి అదృష్టం. అయినా రెండు చచ్చిపోయాయి. నేను దాచలేదు. "మడ్డి కలిపిన, తప్పు నాదే. పదిహేను రోజులియ్యుండ్రి అమ్మా, గప్పటికీ కాకపోతే నేనే తీసుకపోయి పారేస్త" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి సరేనన్నది.

ఈసారి తొందరపడలేదు. చెరువు ఒండ్రు తెచ్చి జల్లించి, నానబెట్టి, నీళ్లు వంచి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టాను. ముక్కుకు ఏ వాసనా తగలని రోజున దాన్ని రెండు వేళ్ల మందం పరిచి, పైన తేటనీళ్లు వచ్చేదాకా కడిగిన దొడ్డు ఇసుక పోశాను. ఇసుక చెదరకుండా పళ్లెం పెట్టి దాని మీద సన్నగా నీళ్లు వదిలాను. తడిగుడ్డలో చుట్టి బతికించుకున్న మొక్కలను, వేళ్లు మడత పడకుండా, నారు నాటినట్టే రెండు వేళ్లతో ఒక్కొక్కటే దించాను. అన్ని రోజులూ రంజన్‌లో నీళ్లు కొంచెం కొంచెం మారుస్తూ కాపాడిన చేపలను తొట్టి నీళ్లు తేరాకే వదిలాను. పొద్దున ఒక్కటీ పైకి రాలేదు. అడుగున మొక్కల మధ్య తిరుగుతున్నాయి. నెల తిరిగేసరికి కొత్త చిగుళ్ల సందున జీలకర్రంత పిల్లచేపలు కనిపించాయి. వచ్చిన రోగులందరికీ డాక్టరమ్మ "మా ఆయమ్మ చేతిపని" అని చూపించేది. నా గురించి ఎవరూ అంతకుముందు అట్లాంటి మాట అనలేదు. చేపలకు ఏమీ వేయవద్దని అట్ట ముక్క మీద రాసి అద్దానికి అంటించాను. పదిమంది చదివేలా నేను రాసిన మొదటి మాట అదే.

ఈ మధ్య బీపీ చూపించుకోవడానికి ఆ దవాఖానాకే పోయాను. ఇప్పుడు డాక్టరమ్మ కోడలు చూస్తోంది. తొట్టి ఉన్నచోట టీవీ ఉంది, పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. ఏడుపు ఇప్పుడూ ఆగుతోంది, కాదనను. కానీ అప్పటి పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి, పిల్లచేపలు ఏడని ఒకరు, కాదు తొమ్మిదని ఒకరు కొట్లాడుకుని, తీర్పు చెప్పమని నన్ను కేకేసేవాళ్లు. ఏ పనిలో ఉన్నా చేతులు తుడుచుకుని పోయేదాన్ని. ఆ రోజు ఆ బెంచీ మీద గంటసేపు కూర్చున్నాను. నన్ను పిలిచింది టోకెన్ నంబరు ఒక్కటే.