లోవమ్మ ఎడమ చెయ్యి

లోవమ్మకు పుట్టుకతో ఎడమచేతి వాటం. అరవై మూడేళ్ళ వయసులోనూ కొబ్బరి దింపు రోజున కాయల బుట్టను ఆ ఒంటి చేత్తోనే ఎత్తి బండిలో పోసేది. నోరు కూడా అలాంటిదే, ఎవరికీ ఆగేది కాదు. మామిడికుదురు పక్కన ఆమె తోటకూ, తోటికోడలు మంగాయమ్మ తోటకూ మధ్య కాలవదాకా ఒక దారి ఉంది. దాని వెంట తొమ్మిది కొబ్బరిచెట్లు. ఆ దారి నాదంటే నాదని ఇద్దరూ పదకొండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. అమలాపురంలో గెలిచిన లోవమ్మ ఆ పైన రెండుచోట్లా ఓడింది.

హైకోర్టు తీర్పు వచ్చాక వకీలు సత్యంగారు విడమరిచి చెప్పారు. "ఢిల్లీ కోర్టుకి మన ఇష్టమొచ్చినట్టు వెళ్ళలేమండి. మా అప్పీలు వినండి బాబూ అని ముందు అనుమతి అడగాలి. ఆ అడగడానికి తొంభై రోజులే గడువు."

"ఆయ్. వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కేనండి. అవి అవగానే వచ్చి సంతకం పెట్టేస్తాను" అంది లోవమ్మ.

ఏడు శనివారాలు వాడపల్లి వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా గుడి చుట్టూ ఏడుసార్లు తిరగాలి. మధ్యలో ఒక్క వారం తప్పినా మళ్ళీ ఒకటి నుంచే. నాలుగు వారాలు సవ్యంగా జరిగాయి. అయిదోది రాకుండానే మామగారి తమ్ముడు శ్రీరామచంద్రమూర్తిగారు పోయారు. కోర్టులో విడిపోయినవాళ్ళే గానీ మైల మాత్రం రెండిళ్ళకూ ఒకటే పట్టింది. లోవమ్మ లెక్క తెగింది. మైల విడిచాక మళ్ళీ మొదటి శనివారం నుంచి అందుకుంది. గడువు దాటుతోందని సత్యంగారు ఫోను చేస్తే, "ముందు వెంకన్న లెక్క తేలనివ్వండి" అని పెట్టేసింది. తెలివితక్కువతనం అనండి, భక్తి అనండి, మీ ఇష్టం.

ఆఖరి శనివారం గుళ్ళో జనం విరగబడ్డారు. అయిదో చుట్టులో లోవమ్మకు కళ్ళు తిరిగాయి. పడబోయేంతలో ఎవరో ఎడమచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే మంగాయమ్మ! ఆవిడా మొక్కుకునే వచ్చింది, ఏ మొక్కో అడగక్కర్లేదు. ఆ చెయ్యి వదలకుండానే మంగాయమ్మ మిగిలిన రెండు చుట్లూ తిప్పించి, చెప్పుల దగ్గర వదిలేసి వెళ్ళిపోయింది.

అప్పటికి గడువు దాటి ఇరవై రెండు రోజులు.

"గుడి చుట్టూ తిరుగుతున్నానని రాస్తే ఆలస్యం మన్నించరండి" అన్నారు సత్యంగారు. "పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయిందని రాద్దాం. మూడు నెలలు మంచం దిగలేదు. డాక్టరు కాగితం సంగతి నేను చూసుకుంటాను."

ఒకరి మాట ఊరికే ఒప్పుకున్న మనిషి కాదు లోవమ్మ. ఆ పూట మాత్రం "ఆయ్" అని తల దించుకుంది. ప్రమాణపత్రం మీద సంతకం పెట్టింది. ఎడమ చేత్తోనే! సత్యంగారు గోడమీది క్యాలెండరు కేసి చూస్తూ కూర్చున్నారు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం లోవమ్మ అరుగుమీద పనసపొట్టు కొడుతోంది. ఎడమచేతిలో కత్తి టకటకలాడుతోంది. గేటు చప్పుడైంది. మంగాయమ్మ, ఆమె కూతురు సూర్యకుమారి. పదకొండేళ్ళలో ఆ గేటు దాటడం ఇదే మొదటిసారి. ఒకప్పుడు నోరారా 'అక్కా' అని పిలిచిన మంగాయమ్మే ఇప్పుడు 'అండీ' అని మొదలుపెట్టింది.

"మంచంలో ఉన్నారంట కదండీ. చూసి పోదామని వచ్చేం."

కత్తి ఆగిపోయింది.

"ఢిల్లీ నుంచి నోటీసొచ్చిందండి. అందులో ఉన్నదంతా మా అమ్మాయి చదివి వినిపించింది" అంది మంగాయమ్మ. గొంతులో వెటకారం లేదు, అదే నరకం. "మిమ్మల్ని ఆఖరి శనివారం ఎక్కడ చూశానో, ఏ చెయ్యి పట్టుకున్నానో రాసిమ్మంటున్నాడు మా ప్లీడరు. రాస్తే మీ కాగితం అక్కడికక్కడే చిత్తు. నాకు మనసొప్పలేదు. మిమ్మల్నే అడుగుదామని వచ్చేను. రాయమంటారా, వద్దంటారా?"

వద్దంటే దారి మీద ఆశ మిగులుతుంది. ఆ ఒక్క మాట చాలు. లోవమ్మ కత్తి పక్కన పెట్టింది. పనసజిగురు అంటిన ఎడమచెయ్యి దానంతటదే పమిట చాటుకు పోయింది. ఆ పోవడం సూర్యకుమారి కూడా చూసింది. కూతురు వరసైన పిల్ల, దాని ముందు!

"నువ్వు రాయకు మంగా" అంది చివరికి. మంగాయమ్మ మొహం చిన్నబోయింది. లోవమ్మే మళ్ళీ, "నేనే రాసుకుంటాను" అంది.

మర్నాడు సత్యంగారి ముందు నిలబడింది, కుర్చీ వేసినా కూర్చోలేదు. "ఆ రోగం తీయించేయండి. నా శనివారాలే రాయండి. అబద్ధం ఆడేనని కూడా రాయండి."

"కొట్టేస్తారమ్మా."

"కొట్టేయనివ్వండి."

కొట్టేశారు. ఆలస్యానికి తగిన కారణం లేదని నాలుగు వాక్యాలు. అప్పీలుకు అనుమతి రాలేదు. దారికి మంగాయమ్మ కంచె వేయించుకుంది, అది న్యాయంగా ఆవిడదే. లోవమ్మ కాయలు ఇప్పుడు రోడ్డు చుట్టూ తిరిగి వెళతాయి. దానికి ఆమె ఎవరినీ ఒక్క మాట అనదు. కానీ సంతలో మంగాయమ్మ ఎదురైతే మాత్రం, ఎంత బరువున్నా సరే, సంచీని కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమచెయ్యి పమిట చాటుకు తీసుకుంటుంది.