ఆపరేషన్ గది ఆయా కొన్న రంపం

మా పక్కింటి ఆయమ్మకి పై పళ్ళలో ఒకటి సగమే ఉంటుంది. ఆమెకి పదహారేళ్ళప్పుడు, తిండి పెట్టడం ఆలస్యమైందని తమ్ముడు పొయ్యి పక్కనున్న కట్టె తీసి మూతి మీద కొట్టాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు. ఆ సాయంత్రం తండ్రి బెల్టు తీసి వాడి వీపు చిట్లగొట్టాడు. తండ్రి పోయాక ఇంట్లో ముందు రెండు గదులూ తమ్ముడికి వచ్చాయి, వెనక రెండు గదులూ ఆయమ్మకి వచ్చాయి. తండ్రి కోపం మాత్రం వాటాలు పడలేదు. మొత్తం తమ్ముడికే దక్కింది.

వాడు లారీ డ్రైవరు. గొంతెత్తితే వీధి మొదట్లో కుక్కలు లేచేవి కాబట్టి అందరూ వాణ్ణి ఉరుము అనేవాళ్ళు. ఉరుముకి ముందో వెనకో పిడుగు పడేది, ఎక్కువగా పెళ్ళాం మీద. ఆ పిల్ల పెదవి చిట్లో, కన్ను వాచో పెరట్లోంచి వెనక గదికి వచ్చేది. ఆయమ్మ తడిగుడ్డ వేసి, దూది పెట్టి, ఏమీ అడిగేది కాదు. అడగకపోవడం తన తప్పేనని తరవాత చాలాసార్లు నాతో అంది.

ఆయమ్మ ముప్పైరెండేళ్ళు పెద్దాసుపత్రి ఆపరేషన్ గదిలో పనిచేసింది. నేల మీది నెత్తురు కడగడం, గుడ్డలు ఉడకబెట్టడం, తీసేసిన వేలో చెయ్యో ఉంటే మూత బకెట్లో పెట్టి మోసుకెళ్ళి కాల్చే గదిలో అప్పజెప్పడం ఆమె పని. మా ఊరి చుట్టూ అన్నీ కోతమిల్లులే. చలి మొదలైతే చాలు, ఎవడో ఒకడు చెయ్యి గుడ్డలో చుట్టుకుని వచ్చేవాడు. మత్తిచ్చేలోపు వాడు తెలివి తప్పకుండా ఆయమ్మ మాటల్లో పెట్టేది. ఎలా తెగింది నాయనా, ఏ మిషను, ఎలా పట్టుకున్నావు అని అడిగేది. అలా అడిగి అడిగి రంపాల గురించి మిల్లు మేస్త్రీకి తెలియనివి కూడా తెలుసుకుంది. పెళ్ళి మాటెత్తితే, "పుట్టింట్లో తిన్న దెబ్బలు చాల్లే" అనేసేది.

పోయినేడు చలికాలం ముందు గాలివానకి పెరట్లో పెద్ద చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. అక్కకి సగం, తమ్ముడికి సగం. ఇద్దరి ఇళ్ళల్లోనూ కట్టెల పొయ్యిలే. రెండు చలికాలాలకి సరిపడా వంటచెరుకు కళ్ళెదుట పడి ఉంది, కానీ ఆయమ్మ కుడి భుజం గొడ్డలి ఎత్తే స్థితిలో లేదు. ఉరుము మిల్లు నుంచి ఒక పాత మిషన్ రంపం తెచ్చాడు. పళ్ళ చైను తిరిగే బద్దే మూరెడు పైన పొడుగు, మొత్తం దూడంత బరువు. ముందు పిడి దగ్గర చైనుని ఆపే బ్రేకు ఎప్పుడో విరిగిపోతే దాన్ని తీగతో కట్టేశారు.

"నీ వాటా కూడా కోసిపెడతాలే అక్కా. కాస్త బతిమాలు" అన్నాడు.

"బతిమాలి తెచ్చుకున్న కట్టెలు నా పొయ్యిలో మండవురా."

మర్నాడు నన్ను తోడు రమ్మంది. నాకు పాల వ్యాను ఉంది. ఇద్దరం బజారుకి వెళ్ళాం. మోటార్లూ రంపాలూ అమ్మే కొట్టు. గోడ నిండా ఎర్రవీ పసుపువీ మిషన్లు వేలాడుతున్నాయి. కొట్టతను నా వైపు చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"కొనేది నేను బాబూ" అంది ఆయమ్మ.

"ఇది మగవాళ్ళ పని పెద్దమ్మా. ఇంట్లో ఎవర్నైనా పంపించు."

"ముప్పైరెండేళ్ళు నేను బకెట్లో మోసినవన్నీ మగవాళ్ళ చేతులే."

అతను గోడ మీంచి పెద్ద మిషను కిందికి దించాడు. ఆమె దాన్ని రెండు చేతులతో ఛాతీ ఎత్తున పట్టుకుని నిలబడింది. మోచేతులు వణకడం మొదలవగానే దించేసింది. "చెయ్యి వణికాక కోసే కోతే కాళ్ళ మీదికొస్తుంది" అంది. బ్యాటరీది చూపించాడు. తేలిగ్గా ఉంది గానీ, అంత లావు మానుకి గంటగంటకీ బ్యాటరీ మార్చాలి, మా వీధిలో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. చివరికి పొట్టి బద్దతో ఒక చిన్న పెట్రోలు మిషను తీశాడు. ఆమె కొట్టు ముందున్న దుంగ మీద దాన్ని నడిపించమంది. నడుస్తుండగానే బ్రేకు ముందుకి తొయ్యమంది. చైను టక్కున ఆగింది. మళ్ళీ ఆపమంది. అలా ఐదుసార్లు.

"ఈ పిడి లోపలి బొత్తాం కూడా నొక్కితేనేగా చైను తిరిగేది?"

"ఔను పెద్దమ్మా. నీకు నేను చెప్పాల్సింది ఒక్కటే ఉంది. బద్ద ముక్కుతో దేన్నీ పొడవకు. ముక్కు తగిలితే మిషను గాడిదలా వెనక్కి తంతుంది."

"తంతే ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు" అని ఆమె మెడ మీద వేలు పెట్టి చూపించింది.

దాంతోపాటు, కాలికి తగిలిన చైనుని చుట్టేసి ఆపే నారతో కుట్టిన లాగూ, మొహానికి జాలీ తొడుగు కూడా కొంది. ఇంటికొచ్చాక ఆ లాగూలో ఆమెని చూసి ఉరుము పెరటి గోడకి చేరబడి నవ్వాడు. "బొమ్మ మిషను, బొమ్మ లాగూ. నువ్వు కోసేవి పొయ్యిలోకొస్తాయా, పళ్ళు కుట్టుకోడానికా?"

ఆమె నాలుగు రోజుల్లో తన సగం కోసేసింది. జానెడు ముక్కలు, గోడకి ఒత్తుగా పేర్చిన వరసలు. ఉరుము సగం అలాగే పడుంది. వాడి చైను మొండిదైపోయి, కోసిన చోటల్లా పొగ. వాడికి దాన్ని ఆకురాయితో పదును పెట్టే ఓపిక లేదు.

ఆదివారం పొద్దున పదిగంటలకి వాడి పెళ్ళాం ఒక్క మాటంది. "వదిన మిషను అడిగి తెచ్చుకోరాదా?"

నేను వీధిలో వ్యాను కడుగుతున్నాను. మొదటి దెబ్బ చప్పుడు గోడకి తల తగిలిన చప్పుడు. రెండోది గిన్నెలది. తరవాత ఆ పిల్ల పెరట్లోంచి పరిగెత్తడం, ఆయమ్మ గది తలుపు మూసుకోవడం, లోపల అడ్డగడియ పడటం వినిపించాయి. ఆ పిల్ల చెవిలోంచి నెత్తురు కారుతోందని ఆయమ్మ తరవాత చెప్పింది.

"తలుపు తియ్యవే అక్కా. అది నా పెళ్ళాం."

"తియ్యను."

"తియ్యకపోతే కోసి తీస్తా."

కోస్తాడని ఎవరూ అనుకోలేదు. పాత మిషను మూడుసార్లు దగ్గి అంటుకుంది. నేను గోడెక్కేసరికి వాడు బద్దని తలుపు మధ్యలో ఆనించి నొక్కుతున్నాడు. మొండి చైను చెక్కని కొరుకుతోంది, పొగా పొట్టూ వాడి మొహం మీద పడుతున్నాయి. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. "ఒరేయ్" అని అరిచాను. వాడికి వినపడలేదు.

లోపల ఏం జరిగిందో ఆయమ్మ నాకు చెప్పింది. తలుపులోంచి చైను పళ్ళు ఇవతలికి కనపడ్డాయి. ఆమె వెనక్కి తగ్గి, గోడవారగా ఉన్న తన మిషను తీసి, కింద పెట్టి తొక్కి, తాడు లాగింది. ఒక్క లాగుకే అంటుకుంది. ఆ పిల్ల మూలన కూర్చుని చూస్తోంది. "వాడు లోపలికొస్తే ఎక్కడ కొయ్యాలో అప్పుడే అనుకున్నాను. మోకాలి పైన. నా చేతులు వణకలేదు. నాకు భయమేసింది అందుకే" అంది ఆయమ్మ.

తలుపుకి రెండు వైపులా రెండు రంపాలు మోగుతున్నాయి.

చీలిక సరిపోక వాడు బద్దని బయటికి లాగి, ముక్కుతో ఇంకోచోట పొడిచాడు. లోపలున్న ఇనప గడియకి తగిలింది. నిప్పురవ్వలు లేచాయి. మిషను ఒక్కసారిగా మీదికి లేచి వాడి మొహానికేసి వచ్చింది. ముందు పిడి మీది ఎడమ చెయ్యి జారి అడ్డం పడింది. ఆపడానికి బ్రేకు లేదు. మోచేతి కింద లోపలి వైపంతా ఎముక దాకా చీలిపోయింది. వాడు అరవలేదు, తన చేతిని వింతగా చూసుకుంటూ గుమ్మం ముందు కూలబడ్డాడు. నెత్తురు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిసి తలుపు మీద పడుతోంది.

"ఆయమ్మా, తలుపు తియ్యి, చచ్చిపోతున్నాడు" అని గోడ దూకుతూ అరిచాను.

తలుపు వెంటనే తెరుచుకోలేదు. తెరుచుకున్నాక మాత్రం ఆమె చేతులు ఆపరేషన్ గదిలో చేతులే. కొంగు చింపి, మోచేతి పైన రెండు చుట్లు చుట్టి, ముడిలో గరిటె దూర్చి తిప్పింది. నెత్తురు సన్నబడి ఆగింది. వాడు కళ్ళు మూస్తుంటే చెంప మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే ఇచ్చింది.

"ఎలా తెగింది నాయనా? చెప్పు. ఏ మిషను? ఎలా పట్టుకున్నావు?"

"అక్కా" అన్నాడు వాడు.

"అక్క కాదు. ఎలా పట్టుకున్నావో చెప్పు."

దారి పొడుగునా వ్యానులో పాలడబ్బాల మధ్య అదే ప్రశ్న అడుగుతూనే ఉంది. చెయ్యి నిలిచింది గానీ వేళ్ళు ముడుచుకోవు. ఇక లారీ లేదు.

పోలీసులు వచ్చినప్పుడు ఆ పిల్ల తల దించుకుని, పొరపాటున జరిగిందని చెప్పబోయింది. ఆయమ్మ అడ్డం పడింది. "పొరపాటు కాదు. తలుపు కోసింది మమ్మల్ని కొయ్యడానికే. ఇంతకు ముందు కొట్టినవి కూడా రాసుకోండి, నేను లెక్క చెబుతాను" అంది. పంటి దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. తోడబుట్టినవాడి మీద సాక్ష్యమా అని వీధిలో కొందరు మొహం తిప్పుకున్నారు. కోర్టులో కూడా అదే చెప్పింది, ఒక్క మాట తగ్గించలేదు. వాడికి రెండేళ్ళ శిక్ష పడింది. జైలుకి నెలకోసారి వెళ్ళి, సబ్బూ బట్టలూ ఇచ్చి, ఐదు నిమిషాలు కూర్చుని వస్తుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరట.

ఆ పిల్ల ముందు గదులకి మళ్ళీ వెళ్ళలేదు. ఆసుపత్రి బట్టలుతికే చోట ఆయమ్మే పని ఇప్పించింది. ఉరుము వాటా మాను కూడా ఇద్దరూ కలిసి కోశారు. ఒకరు కోస్తే ఒకరు దుంగ దొర్లకుండా పట్టేవారు.

మొన్న కట్టెలు తెచ్చుకుందామని వెళ్తే ఇద్దరూ పెరట్లో చైనుకి ఆకురాయి పెడుతున్నారు. ఆ పిల్లే అడిగింది, చేతిలో పని ఆపకుండా.

"ఆ రోజు తలుపు తియ్యడానికి అంతసేపెందుకు పట్టింది వదినా?"

ఆయమ్మ చైను మీది పొట్టు ఊదింది.

"తియ్యాలా వద్దా అని చూశాను."

"నువ్వు తీస్తావేమోనని నేను భయపడ్డాను" అంది ఆ పిల్ల.

ఆయమ్మ ఆకురాయి అందుకుని తరవాతి పన్ను వెతుక్కుంది.